ఖాళీ పుస్తకంతో మొదలుపెట్టండి: పిల్లల బొమ్మల కథలు, కామిక్స్ చేసేవాళ్ళ పని అడుగడుగునా

నాలుగు ఏ4 కాగితాలు తీసుకుని సగానికి మడవండి. ఒకదాంట్లో ఒకటి దూర్చి వెన్ను మీద రెండు పిన్నులు కొట్టండి. పదహారు పేజీల పుస్తకం తయారు. అందులో ఇంకా కథ లేదు, బొమ్మ లేదు. కానీ పని మొదలయ్యేది ఇక్కడే అని నాకు తెలిసేసరికి మూడు పుస్తకాలు అయిపోయాయి. ఆ మూడింటికీ ముందు కథంతా రాసుకుని, తరవాత దాన్ని పేజీల్లోకి కుక్కాను. చూస్తే కుక్కినట్టే ఉంటాయి.

చెప్పేది గాల్లో తేలిపోకుండా ఒకే పుస్తకాన్ని పట్టుకుని నడుద్దాం. దాని పేరు ‘ముంజెకాయల బండి’ అనుకోండి. ఎండాకాలంలో ముంజెలు తిన్నాక మిగిలిన రెండు కాయలకి ఒక పుల్ల అడ్డంగా గుచ్చి, పంగల కర్రతో తోసుకుపోయే బండి. పల్లెలో పెరిగినవాళ్ళకి వివరం అక్కర్లేదు.

1. ఒక పిల్ల, ఒక పని

‘తాటిచెట్ల గొప్పతనం’ కథ కాదు, అది వ్యాసం. ‘సీతాలు బండి చేసింది, అన్నల బండ్లతో పందేనికి వెళ్ళింది, నడిదారిలో ఒక చక్రం పగిలింది’ అనేది కథ. ఎవరికి ఏం కావాలో, దానికి ఏది అడ్డొచ్చిందో రెండు ముక్కల్లో చెప్పలేకపోతే ఆ ఆలోచన ఇంకా పండలేదని అర్థం. నోట్‌బుక్‌లో రాసి పక్కన పెట్టండి, తొందరేం లేదు.

‘మరి నీతి ఏమిటి?’ అని అడిగేవాళ్ళు దారిపొడవునా తగులుతారు. ఆ ప్రశ్నకి జవాబు ముందే తయారుచేసుకుని కథ రాస్తే, చివరి పేజీలో తాతయ్య వచ్చి ఉపన్యాసం ఇస్తాడు. పిల్లలు ఆ పేజీ తిప్పేసి వెళ్ళిపోతారు.

2. చదివేది ఎవరు? ఏ అక్షరాలు వచ్చినవాళ్ళు?

పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళు కథల్ని నాలుగు స్థాయిలుగా విడదీశారు. మొదటి స్థాయికి సుమారు 250 మాటల లోపు, రెండో దానికి 600 దాకా, మూడో దానికి 1500 దాకా, ఆ పైన నాలుగోది. లెక్క మంచిదే. కానీ తెలుగులో మాటల లెక్క ఒక్కటే పట్టుకుంటే మోసపోతాం. ‘చెట్టెక్కలేకపోయిందట’ లెక్కకి ఒక్క మాట. రెండో తరగతి పిల్ల దాన్ని కూడబలుక్కునేసరికి కథ మరిచిపోతుంది.

అందుకే నేను మాటలతోపాటు ఒత్తులు కూడా లెక్కపెడతాను. బడిలో పిల్లలు గుణింతాలు, ద్విత్వాలు, ఆ తరవాత సంయుక్తాలు, చివర్లో సంశ్లేషాలు నేర్చుకుంటారు. అప్పుడే చదవడం మొదలుపెట్టిన పిల్లకి ‘అమ్మ’, ‘బువ్వ’, ‘చెట్టు’ తేలిక. ‘చక్రం’ కాస్త కష్టం, ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ పెద్ద కొండలు. మా బండి కథలో ‘చక్రం’ తప్పదు, కాబట్టి దాన్ని ఉంచి, చుట్టూ ఉన్న మిగతా మాటల్ని తేలిక చేశాను. కష్టమైన మాట ఒకటి ఉంటే ఫరవాలేదు, అది మూడు నాలుగుసార్లు వస్తే పిల్లలే పట్టేస్తారు.

మాండలికం సంగతి. ముంజెలా, ముంజలా? కృష్ణా జిల్లా పిల్ల ఒకలా అంటుంది, నల్లగొండ పిల్ల ఇంకోలా అంటుంది. కథ ఎక్కడ జరుగుతోందో తేల్చుకుని ఆ ఊరి మాటే పెట్టండి. రెండూ కలిపితే ఏ ఊరిదీ కాకుండా పోతుంది.

3. పేజీలు పంచడం

ఇప్పుడు ఆ ఖాళీ పుస్తకం తెరవండి. 1వ పేజీ పేరుకి, 2వ పేజీ ముద్రణ వివరాలకి పోయాయి. 3వ పేజీ ఒంటరిది, కుడివైపు. అక్కణ్ణించి 4-5, 6-7, 8-9, 10-11, 12-13, 14-15 జంట పేజీలు. 16 మళ్ళీ ఒంటరిది. అంటే మీ చేతిలో ఉన్నవి ఎనిమిది దృశ్యాలు. కథ ఎంత పెద్దదైనా ఇంతే చోటు. పిన్ను కొట్టే పుస్తకం కాబట్టి పేజీలు నాలుగు చొప్పునే పెరుగుతాయి. పదహారు చాలకపోతే ఇరవై, ఇరవై నాలుగు, ముప్పై రెండు. పద్దెనిమిది అనేది లేదు.

బండి కథని ఇలా పంచాను: 3లో సీతాలు, చేతిలో ముంజె, గడ్డం మీద కారుతున్న నీళ్ళు. 4-5లో బండి తయారీ. 6-7లో అన్నల బండ్లు వరసగా, సీతాలు ఆఖరున. 8-9లో పందెం. 10-11లో చెరువు గట్టు ఎక్కి దిగడం. 12-13లో చక్రం రెండు ముక్కలు. 14-15లో ఏం చేసిందనేది. 16లో చివరి బొమ్మ.

ఇక్కడ మొత్తం పుస్తకంలోకెల్లా ముఖ్యమైన నిర్ణయం 11వ పేజీ చివర ఏముండాలనేది. పిల్ల వేలు ఆ కాగితం అంచు మీద ఉంది. తిప్పాలనిపించాలి. మొదట నేను 11లోనే చక్రం పగలగొట్టాను. తిప్పితే 12లో ఏడుస్తున్న సీతాలు. తుస్సుమంది. తరవాత 11లో గట్టు మీంచి బండి గాల్లోకి లేచి, ఎదురుగా రాయి మాత్రమే కనిపించేలా మార్చాను. పగలడం పేజీ అవతలికి వెళ్ళింది. బొమ్మ అదే, మాట అదే, మారింది చోటు. బొమ్మల పుస్తకంలో ఉత్కంఠ అంటే కాగితం మందమే.

ఇంకో చిన్న సంగతి. పదహారు పేజీల పుస్తకంలో 8-9 ఒక్కటే ఒకే కాగితం మీద పడే జంట. మిగతా జంటలన్నీ రెండు వేరు కాగితాలు పక్కపక్కన చేరినవి. కత్తిరింపులో ఒక మిల్లీమీటరు తేడా వచ్చిందంటే మడతలో ఉన్న ముఖం చీలిపోయినట్టు కనిపిస్తుంది. కళ్ళు, చేతులు, మాటలు మడతకి దూరంగా పెట్టండి. పెద్ద దృశ్యం ఏదన్నా ఉంటే మధ్య జంటకి దాచుకోండి.

4. మాట కోయడం

బొమ్మలో కనిపించేది మాటలో చెప్పకండి. సూత్రం అందరికీ తెలుసు, చేతి దగ్గరికి వచ్చేసరికి ఎవరూ పాటించరు. నా మొదటి రాతలో 10వ పేజీ ఇలా ఉంది:

‘సీతాలు ఎర్ర పరికిణీ ఎగ్గట్టుకుని, చెమటలు కక్కుతూ, తన ముద్దుల బండిని తోసుకుంటూ ఎత్తైన చెరువు గట్టు మీదికి చాలా ఉత్సాహంగా ఎక్కింది.’

ఎర్ర పరికిణీ బొమ్మలో ఉంది. చెమట ఉంది. గట్టు ఉంది. ఉత్సాహం ముఖంలో ఉంది, లేకపోతే నేను బొమ్మ సరిగ్గా వేయలేదని అర్థం. అన్నీ కొట్టేస్తే మిగిలింది:

‘గడగడ గడగడ... గట్టెక్కింది బండి.’

చప్పుడు మాత్రం బొమ్మలో వినపడదు, కాబట్టి అది మాటకి వదిలాను. మనకి చప్పుళ్ళకేం కొదవ? దబ్బున, చటుక్కున, టపటపా, బుడుంగున. ఇంత సంపద పెట్టుకుని కామిక్స్‌లో ‘బూమ్’, ‘క్రాష్’ రాసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

5. పిల్లల ముందు పెట్టడం

పెన్సిల్ గీతలతో ఉన్న నమూనా పుస్తకాన్నే పట్టుకెళ్ళండి. దగ్గర్లో ఉన్న అంగన్‌వాడీకో, ప్రాథమిక పాఠశాలకో వెళ్ళి టీచరుని అడిగి ఒక పావుగంట తీసుకోండి. చదివేటప్పుడు పుస్తకం చూడకండి, పిల్లల్ని చూడండి. ఎక్కడ ఒకడు పక్కవాడి చొక్కా లాగడం మొదలుపెట్టాడో ఆ పేజీ నంబరు రాసుకోండి. ‘బాగుందా?’ అని అడగొద్దు, బాగుందనే అంటారు. ‘తరవాత ఏమవుతుంది?’ అని 11వ పేజీ దగ్గర ఆపి అడగండి. నలుగురు నాలుగు రకాలుగా అరిచారంటే పేజీ పనిచేస్తోంది.

సొంత పిల్లల మీదా, తోడబుట్టినవాళ్ళ పిల్లల మీదా ప్రయోగం చేస్తే లాభం లేదు. వాళ్ళకి మీరంటే ఇష్టం.

6. బొమ్మ

రంగు ముట్టుకోకముందు సీతాలుని ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి, పరిగెడుతూ, ఏడుస్తూ, ముంజె తింటూ ఒకే కాగితం మీద గీసి గోడకి అంటించండి. జడ ఎంత పొడుగు, ఏ చేతికి గాజులు అన్నీ అక్కడ తేలిపోవాలి. లేకపోతే 7వ పేజీలో కుడిచేతికి ఉన్న గాజులు 12లో ఎడమచేతికి వస్తాయి. పెద్దవాళ్ళెవరూ చూడరు. పిల్లలు చూస్తారు.

వస్తువు తెలియకుండా గీయకండి. నేను రాసిన ఒక కథకి వేరే రాష్ట్రంలో ఉన్న చిత్రకారుడు బొమ్మలు వేశాడు. మంచి చెయ్యి. కానీ తాటిచెట్టుకి బదులు కొబ్బరిచెట్టు వేశాడు. ‘రెండూ ఒకటే కదా’ అని ప్రచురణకర్త తరఫు మనిషి అన్నాడు. తాటాకు విసనకర్రలా విచ్చుకుంటుంది, కొబ్బరిమట్ట ఈకలా ఉంటుంది. ఆ తేడా చెప్పడానికి ఫొటోలు పంపి, రెండు వారాలు బతిమాలాల్సి వచ్చింది. అప్పట్నించి కథతోపాటే ఫొటోల ఫోల్డరు కూడా పంపుతున్నాను: ముంజెకాయ కోసిన ముఖం, గెల, పంగల కర్ర, చెరువు గట్టు.

శైలి కోసం టెన్షన్ పడొద్దు. పాత చందమామలు దొరికితే చూడండి, శంకర్ గారి విక్రమార్కుణ్ణి ముఖ్యంగా. భుజాన శవం, చేతిలో కత్తి, నడుస్తున్న కాలు. ఆ మనిషి ఎక్కణ్ణించి వస్తున్నాడో, ఎంత బరువు మోస్తున్నాడో, భయపడుతున్నాడో లేదో ఒక్క భంగిమలో తెలిసిపోతుంది. నేర్చుకోవాల్సింది గీతని కాదు, ఆ భంగిమని.

7. కామిక్స్ అయితే: బెలూన్ ముందు, బొమ్మ తరవాత

కామిక్స్ పేజీలో కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఒక్కటే. బొమ్మంతా ముచ్చటగా వేసి, మిగిలిన మూలలో మాట ఇరికిస్తారు. తెలుగుకి ఇది అస్సలు కుదరదు. మన అక్షరానికి పైన గుడులు, కింద ఒత్తులు. వరసల మధ్య ఎడం ఇంగ్లీషు కంటే ఎక్కువ వదలాలి, లేకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడిలో దిగబడుతుంది. పైగా ‘వెళ్ళిపోతున్నాడంటున్నారు’ లాంటి మాట ఒక్కటే బెలూన్ వెడల్పంతా మింగేస్తుంది, మధ్యలో విరగ్గొడితే చదవడానికి వికారంగా ఉంటుంది.

అందుకని ముందు ప్యానెళ్ళు (బొమ్మల గళ్ళు) గీసి, అచ్చులో ఎంత సైజులో పడుతుందో అంత సైజులోనే మాటలు పేర్చి, వాటి చుట్టూ బెలూన్ (మాటల బుడగ) గీయండి. మిగిలిన చోటే బొమ్మది. ముందు మాట్లాడేవాళ్ళు ఎడమవైపో, పైనో ఉండాలి. అది కుదరకపోతే మనుషుల్ని అటూ ఇటూ మార్చండి, బెలూన్ తోకల్ని సాలెగూడులా అల్లకండి. బెలూన్‌కి పన్నెండు పదిహేను మాటలు దాటితే రెండు బెలూన్లు చేయడమే నా అలవాటు.

ఫాంట్లకి కరువు లేదు. మండలి, ఎన్టీఆర్, రామభద్ర, గిడుగు, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, అచ్చుకి వాడుకోవచ్చు. చప్పుళ్ళు మాత్రం చేత్తో రాయండి. ‘ఢామ్’ అనే మాట ఫాంట్‌లో పేలదు.

8. ఫైలు

ఇది నీరసమైన భాగం, కానీ ఇక్కడ తప్పితే పైన చేసిందంతా పోతుంది. అచ్చు సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), రంగులు సీఎంవైకేలో (అచ్చులో వాడే నీలం, గులాబీ, పసుపు, నలుపు సిరాల లెక్కలో), నాలుగు వైపులా కోతకి 3 మిల్లీమీటర్లు అదనం. మాటలు బొమ్మ మీద కాకుండా వేరే లేయర్‌లో, అచ్చమైన నలుపు ఒక్కదానితో. దీనికి కారణముంది: అదే పుస్తకం రేపు హిందీలోనో, కన్నడలోనో వేస్తే రంగుల ప్లేట్లు మూడూ అలాగే ఉంచి, నలుపు ప్లేటు ఒక్కటి మారిస్తే సరిపోతుంది. రంగు అక్షరాలు పెట్టుకుంటే ఆ వెసులుబాటు పోతుంది.

ఫొటోషాప్‌లో, ఇన్‌డిజైన్‌లో తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోయి పక్కకి పడుతున్నాయా? సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి, సర్దుకుంటుంది. ప్రెస్సుకి ఇచ్చేటప్పుడు అక్షరాల్ని కర్వ్స్‌గా, అంటే ఫాంట్ అక్కర్లేని గీతలుగా, మార్చి ఇవ్వండి. అలా మార్చకుండా ఇస్తే, వాళ్ళ డీటీపీలో అను ఫాంట్లే (యూనికోడ్ కాని పాత రకం తెలుగు ఫాంట్లు) ఉంటే మీ యూనికోడ్‌ని వాటిలోకి మారుస్తారు. ఆ మార్పిడి తరవాత ఒకసారి అక్షరం అక్షరం చదవాల్సిందే. మారిస్తే ఏ ఒత్తు ఎక్కడికి పోతుందో దేవుడికే తెలియాలి.

కాగితం సంగతి ముందే అడగండి. మ్యాప్‌లితో రంగుని పీల్చేసి కాస్త మసకబారుస్తుంది, ఆర్ట్ పేపరు మెరిపిస్తుంది. మీ స్క్రీన్ మీద ఉన్న ఎరుపు ఏ కాగితం మీదా రాదు. ప్రూఫ్‌ని పగటి వెలుతురులో చూడండి, ట్యూబ్‌లైటు కింద కాదు.

9. ఎవరికి పంపాలి, ఏం సంతకం పెట్టాలి

తెలుగులో పిల్లల పుస్తకాలు వేసేవాళ్ళు తక్కువే అయినా ఉన్నారు. హైదరాబాద్‌లో మంచి పుస్తకం, చెన్నైలో తూలిక, బెంగళూరులో ప్రథమ్ బుక్స్, ఢిల్లీలో నేషనల్ బుక్ ట్రస్ట్. పంపేముందు వాళ్ళ పుస్తకాలు కనీసం పది చదవండి. కథ, పేజీల పంపకం, పూర్తిచేసిన ఒకటి రెండు బొమ్మలు పంపితే చాలు, పుస్తకమంతా రంగులేసి పంపక్కర్లేదు. ప్రథమ్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో మీరే కథ పెట్టుకోవచ్చు, కానీ అక్కడ పెట్టినదాన్ని మీ పేరు చెప్పి ఎవరైనా, అమ్ముకోవడానికి కూడా, వాడుకోవచ్చు. ఆ లైసెన్సు అలాంటిది. మంచిదా చెడ్డదా అనేది మీ ఇష్టం, తెలిసి పెట్టండి.

ఒప్పందం దగ్గర మొహమాటం వద్దు. 1957 కాపీరైట్ చట్టంలో మనకి పనికొచ్చేవి నాలుగున్నాయి. హక్కు మీ జీవితకాలం, ఆ పైన 60 ఏళ్ళు ఉంటుంది. హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగానే ఉండాలి. అందులో ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్ళే, ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశమే. తీసుకున్నవాళ్ళు ఏడాదిలోగా ఆ హక్కుని వాడకపోతే, వేరేగా రాసుకుంటే తప్ప, అది తిరిగి మీదే. ఇక హక్కు అమ్మేసినా మీ పేరు వేయించుకునే హక్కు మీ దగ్గరే ఉంటుంది.

చిత్రకారులు ఒకటి అదనంగా గుర్తుపెట్టుకోవాలి. డబ్బిచ్చి గీయించుకున్న పెయింటింగ్ మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు గీయించుకున్నవాళ్ళదేనని 17వ సెక్షన్ చెబుతుంది. ఫోన్లో ‘అలాగేనండీ’ అనేసి పని మొదలుపెట్టిన రోజుల్లో నేను గీసిన బొమ్మలు కొన్ని ఇవాళ ఎవరి క్యాలెండర్ల మీద ఉన్నాయో నాకే తెలీదు. కనీసం ఒక ఈమెయిల్ రాయించుకోండి: ఎన్ని బొమ్మలు, ఏ పుస్తకానికి, ఎన్ని దిద్దుబాట్లు ఉచితం, డబ్బు ఎప్పుడు, అసలు బొమ్మలు ఎవరి దగ్గర ఉంటాయి.

మొత్తం ఒకేసారి ఇస్తామంటారు కొందరు, రాయల్టీ (అమ్మిన కాపీల మీద వాటా) అంటారు కొందరు. కొత్తవాళ్ళకి చేతికొచ్చే మొత్తం నయమనిపిస్తుంది. ఇల్లు గడవాలి కాబట్టి నేనూ తీసుకున్నాను. అలాంటప్పుడు ఆ మొత్తం మొదటి ముద్రణకే అని ఒక్క వాక్యం చేర్పించండి.

10. సొంతంగా వేస్తే

ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తారు, ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ నుంచి. ఎవరన్నా డబ్బు అడిగితే వాళ్ళు మధ్యవర్తులు. అచ్చయ్యాక 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరకి, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకి ఒక్కో కాపీ పంపాలి. పిల్లల బొమ్మల పుస్తకాల మీద జీఎస్టీ లేదు. యాభై వంద కాపీలైతే డిజిటల్, వెయ్యి దాకా అయితే ఆఫ్‌సెట్ గిట్టుబాటు. వెయ్యి వేసేముందు ఇంట్లో మంచాల కింద ఎంత చోటుందో కొలుచుకోండి, నవ్వుకి అనడం లేదు.

11. ఏడాది ఎలా గడుస్తుంది

పుస్తకాల మీదే బతికేవాళ్ళు బాగా తక్కువ. నా ఏడాది ఇలా తిరుగుతుంది: ఏప్రిల్, మేలో వేసవి శిబిరాల్లో బొమ్మల క్లాసులు. వానాకాలం సొంత పుస్తకానికి. నవంబర్ 14కి అన్ని బడులకీ ఒకేసారి రచయిత కావాలి, ఆ వారం ఊళ్ళు తిరగడమే. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శన. మధ్యలో పత్రికలకి బొమ్మలు, పాఠ్యపుస్తకాల పని.

బడికి పిలిస్తే ప్రయాణ ఖర్చు, పారితోషికం ముందే అడగండి. ‘పిల్లల కోసమే కదండీ’ అంటారు. ఆ పిల్లల కోసమే బస్సు డ్రైవరు కూడా వస్తాడు, జీతం తీసుకుంటాడు. పని అప్పజెప్పిన రోజే బిల్లు పంపండి, నెలాఖరు దాకా ఆగొద్దు. ఏడాదికి ఒకరిచ్చేది పరిమితి దాటితే 10 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) పట్టుకుని ఇస్తారు. ఆదాయపన్ను రిటర్న్ వేయకపోతే అది పోయినట్టే, మనలో చాలామందికి వచ్చేది నిజానికి ఆ తిరిగొచ్చే డబ్బే.

పొద్దున మూడు గంటలు సొంత పుస్తకానికి, మిగతాదంతా అద్దె కట్టే పనికి. ఈ వరస తిరగేస్తే సొంత పుస్తకం ఎప్పటికీ కాదు.

12. దిద్దుబాట్ల కాగితం

పుస్తకం అచ్చయి వచ్చిన రోజే ఒక కాపీ మీద ‘దిద్దుబాట్లు’ అని రాసి అలమరలో పెట్టండి. తప్పు కనిపించినప్పుడల్లా అందులోనే గుర్తుపెట్టాలి. అచ్చుతప్పులు, రంగు తేడాలు, మీరు సిగ్గుపడే వాక్యాలు. రెండో ముద్రణ కబురు ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చినప్పుడు మాత్రం రెండ్రోజుల్లో ఫైలు కావాలంటారు.

బుక్ ఫెయిర్‌లో ఒక పిల్లాడు, ఎనిమిదేళ్ళుంటాయేమో, నమూనా కాపీ నించుని మొత్తం చదివేశాడు. వాళ్ళమ్మ ‘కొందామా?’ అంటే జవాబు చెప్పకుండా 4వ పేజీ నాకు చూపించాడు. ‘అంకుల్, పంగ పైకుంది. పంగ కిందుండాలి, పుల్ల మీద ఆనాలి. ఇట్లయితే బండి కదలదు.’ నేను చూశాను. ఆ పేజీ మీద నాలుగు నెలలు కూర్చున్నాను, ఫొటో ఎదురుగానే పెట్టుకుని. దిద్దుబాట్ల కాపీలో మొదటి గుర్తు అదే.